చప్పుడు లేని అర్ర

మరమగ్గాలు అమ్మేసిన తర్వాత ఆ గది గోడలు దులుపుతుంటే, పై అరలో నూనె డబ్బాల వెనక మా అవ్వ రేకు దొరికింది. మా ఇళ్లలో కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. రేకు అంటే పెద్ద వస్తువేమీ కాదు, అరచేతిలో ఇమిడే ఇనప ముక్క. నానబెట్టిన తునికాకు మీద దాన్ని పెట్టి చుట్టూ కత్తెర తిప్పితే, బీడీకి ఎంత కావాలో అంత ఆకు తెగుతుంది. అవ్వ రేకుకు ఒక మూల అరిగి గుండ్రమైంది. అక్కడే ఆమె బొటనవేలు ఉండేది. కొంగుతో తుడిచి వాసన చూశాను. తంబాకు వాసన ఎప్పుడో పోయింది, మగ్గాల నూనె వాసన మాత్రం వచ్చింది. నా బొటనవేలు అక్కడ పెట్టి చూశాను. సరిగ్గా కుదిరింది. ఆమె చనిపోయినప్పటి వయసు ఇప్పుడు నాకు వచ్చిందని అప్పుడు తోచింది.

ఆ సాయంత్రమే ఒక కథ చదివాను. నేను చదవడం నేర్చుకున్నది యాభై దాటిన తర్వాత. సోలాపూర్ నీలం నగర్‌లో మా గల్లీ చివర మందిరం హాలులో ఒక టీచరమ్మ ఆడవాళ్లకు అక్షరాలు చెప్పేది. మోకాళ్లు పట్టేసి బీడీలకు కూర్చోలేకపోతున్న వాళ్లమే ఆ క్లాసులో ఎక్కువ. మరాఠీ చెప్పమంటారా, తెలుగు చెప్పమంటారా అని ఆమె అడిగితే, మరాఠీ బస్సు బోర్డులను రంగును బట్టి గుర్తుపడతాంలే, మాకు తెలుగే చెప్పు అన్నాం. ఇప్పుడు కథలు చదువుతాను. నవలల జోలికి పోను. కథయితే పొయ్యి మీద పప్పు ఉడికేలోపు అయిపోతుంది. మా మనవరాలు మరాఠీ బడిలో చదువుతుంది కాబట్టి దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను పైకి చదువుతుంటే పక్కన పడుకుని వింటుంది.

ఆ రోజు చదివిన కథలో ఒక ఇల్లాలు వంటింటి కిటికీ దగ్గర నిలబడి మనసులో ఎక్కడికో వెళ్లిపోతుంది. కొండలు చూస్తుంది, ఎవరితోనో మాట్లాడుతుంది. చివరకు పాలు పొంగిపోతాయి, అత్త కేకేస్తుంది, ఆమె ఉలిక్కిపడుతుంది. అక్కడితో కథ అయిపోయింది. ఇలాంటివి ఇప్పటికి చాలా చదివాను. ఫైళ్ల ముందు కూర్చున్న గుమాస్తా మనసులో ఊరేగుతుంటాడు, పెద్దసారు బల్ల మీద కొడతాడు. బస్సులో కూర్చున్న ముసలాయన చిన్నపిల్లవాడైపోతాడు, కండక్టరు భుజం తడతాడు. ఈ కథల్లో పగటికలలు కనేవాళ్లు ఒంటరిగా ఉంటారు, వాళ్ల చేతులకు పని ఉండదు, చివర్లో ఎవరో ఒకరు వచ్చి లేపుతారు. లేచిన తర్వాత వాళ్ల దగ్గర ఇంకేమీ మిగలదు.

“పగటి కలలు గన్నోళ్లందరికీ గిట్లనే అయితదా?” అని మనవరాలిని అడిగాను.

“స్టోరీకి ఎండ్ పాహిజే గదా నానమ్మా,” అంది అది. పాహిజే అంటే కావాలి. నిజమే, కథకు ముగింపు కావాలి. కానీ ఆ ముగింపుల్లో ఏదీ నేను పెరిగిన చోట కుదిరేది కాదే అనుకుంటూ, రేకు తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను.

నేను పెరిగింది భవాని పేట్‌లో. మా ఇల్లంటే ఒక పొడుగాటి అర్ర, ఒక్కటే గది. అందులో ముప్పాతిక వంతు నాయిన మగ్గానిది, మిగిలింది మాది. వంట ఒక మూల, బట్టలు గోడకు కట్టిన తాడు మీద, పడక మగ్గం కింద. పొద్దున మిల్లు భోంగా, అంటే సైరను, కూయకముందే నాయిన లేచి, మొహం కడుక్కుని, నేసిన బట్ట చుట్టుకునే మగ్గం దోనెను తాకి కళ్లకు అద్దుకుని కూర్చునేవాడు. ఇక అప్పటినుంచి లటక్ లటక్ అని చప్పుడు. మేము ఆ చప్పుడులో మాట్లాడుకునేవాళ్లం, ఆ చప్పుడులో తినేవాళ్లం, జ్వరం వస్తే ఆ చప్పుడులోనే మూలిగేవాళ్లం. పోగు తెగినప్పుడు మాత్రం చప్పుడు ఆగేది. నాయిన నాలుక చప్పరించి పోగు అతికేదాకా ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. ఆ కాసేపట్లోనే అవ్వ మెడ వెనక్కి వాల్చి కళ్లు మూసుకునేదని ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు దాన్ని అలసట అనుకున్నాను.

మా ఇంటికి నాలుగు వాసనలు ఉండేవి. నూలుకు పట్టించే గంజి వాసన, తడిగుడ్డలో చుట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, పెనం మీద మాడిన జొన్నరొట్టె వాసన. పండుగ రోజు పల్లీలతో శేంగ చట్నీ దంచితే అది ఐదోది. ఎవరింటికైనా వెళ్లి తిరిగొచ్చినప్పుడు గుమ్మంలోనే ఈ వాసనలు మొహానికి కొట్టేవి. లోపలికి వెళ్లి కూర్చున్నాక తెలిసేవి కావు.

మధ్యాహ్నం ఎండ అవతలి గోడ ఎక్కగానే ఆడవాళ్లందరూ చాటలు తీసుకుని బాలవ్వ పెద్దమ్మ అరుగు మీదికి చేరేవాళ్లు. పెద్దమ్మ మాకు చుట్టం కాదు, ఎదురింటామె. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి, ముక్కుకు రెండు వైపులా పుడకలు. ఆమె పక్కన సరోజన వదిన, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, నవ్వొస్తే ఆపుకోలేనిది. ఆ పక్కన మా అవ్వ నర్సవ్వ. అవ్వ పక్కన నేను. మోకాళ్ల మీద చాట, చాటలో ఒక వైపు కత్తిరించిన ఆకు, ఒక వైపు తంబాకు. ఎడమ చెయ్యి ఆకు తీస్తుంది, కుడి చెయ్యి తంబాకు చిటికెడు తీసి ఆకులో పరుస్తుంది, రెండు చేతులూ కలిసి చుడతాయి, గోరుతో మూతి మడిచి దారం బిగిస్తాయి. కొన్నాళ్లు చేస్తే చేతులకు మనతో పని ఉండదు. మనకూ చేతులతో పని ఉండదు. ఇక మనసు ఏం చేయాలి? ఆ అరుగు మీద వాళ్లు దానికి ఒక పని పెట్టారు. దాన్ని ఇల్లు కట్టుడు అనేవాళ్లు.

ఎవరి ఇల్లు వాళ్లు మాటల్లో కట్టుకోవాలి. ఒక్క రోజులో అయిపోయే ఆట కాదు, నిన్న ఆపిన చోటి నుంచి ఇవాళ మొదలుపెట్టాలి. ఒకరు కట్టింది ఇంకొకరు కట్టకూడదు. మగ్గం పెట్టకూడదు. ఒకరింట్లోకి ఇంకొకరు పోవాలంటే గడప దగ్గర ఆగి పిలవాలి, ఇంటామె రమ్మంటేనే పోవాలి. ఈ నియమాలు ఎవరు పెట్టారో తెలియదు. నేను చాట పట్టేనాటికే ఉన్నాయి.

“నిన్న ఏడ ఆపినవ్ పెద్దమ్మా?” అని సరోజన వదిన మొదలుపెట్టేది.

“మెట్లకాడ. సగం అయినయ్, పైనియి ఇంక కట్టాలె.”

“వానకాలం షురువైనప్పటి సంది మెట్లేనా? ఎప్పుడెక్కుతవ్ మరి?”

“ఎక్కుత తీ. మోకాళ్లు గట్టిగలేవు గదా, గందుకే మెట్లు గట్టిగ కడుతున్న.”

పెద్దమ్మ పుట్టింట్లోనూ అత్తింట్లోనూ మెట్లు లేవు. అన్నిటికన్నా పై మెట్టు మీద కూర్చుని కింద పోయేవాళ్లను పేరు పెట్టి పిలవాలని ఆమె కోరిక. సరోజన వదిన ఇంట్లో తలుపంత అద్దం ఉండేది.

“పొద్దుగాల లేస్తనే నాకు నేనే కనవడ్త,” అనేది.

“భయం గాదానే?”

“మా అత్త కనవడేదానికన్న నయం గదా పెద్దమ్మా.”

నా ఇల్లు మాత్రం నిలిచేది కాదు. రోజూ కట్టేదాన్ని, రోజూ పడగొట్టేదాన్ని. సత్తి ఇంటికి మేస్త్రీలు నిలుస్తలేరు అని వెక్కిరించేవాళ్లు. ఒకరోజు మాత్రం గట్టిగా చెప్పాను. “నా ఇల్లు చిన్నది. ఎనక తలుపు తీస్తే సముద్రం.”

“సోలాపూర్ల సముద్రమేందే పోరీ? నల్లా నీళ్లకే లైన్ల నిలవడుతున్నం,” అంది సరోజన వదిన.

“సముద్రం పెడితే పెట్టనియ్. గని ఉప్పు గాలికి తంబాకు చెమ్మెక్కదా?” అని పెద్దమ్మ నిజంగానే ఆలోచించింది.

“నా ఇంట్ల బీడీలు చెయ్య,” అన్నాను.

అప్పుడు అందరి చేతులూ ఒక్క క్షణం ఆగాయి. ఎందుకు ఆగాయో చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. పెద్దమ్మ మెట్టు మీద కూర్చుని బీడీలే చుడుతుంది, వదిన అద్దం ముందు కూర్చుని బీడీలే చుడుతుంది. తలుపంత అద్దం తెచ్చుకోగలిగిన వాళ్లకు చాట బయట పెట్టి రావడం తోచలేదు.

అవ్వ ఈ ఆటలోకి వచ్చేది కాదు. “ఉన్న ఇల్లు ఊడ్వంగనే పానం పోతుంది, ఇంకోటెందుకు?” అనేది. తల వంచుకుని చుట్టుకుంటూ పోయేది. ఆ అరుగు మీద అవ్వ బీడీ అంత పొందికగా ఎవరిదీ ఉండేది కాదు. కార్ఖానాలో ఆమె కట్టలు నొక్కి చూడకుండానే తీసుకునేవాళ్లు. అది ఆమెకు గర్వం. పైకి అనేది కాదు కానీ, బుట్ట నెత్తిన పెట్టుకుని కొంతం చౌక్ దాటుతున్నప్పుడు ఆమె నడక మారేది.

కార్ఖానాలో బీడీలు సరిచూసే చెకర్ సాబ్ గడప పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. సన్నటి మనిషి. కట్టను పిడికిట్లో పట్టి చెవి దగ్గర పెట్టుకుని నొక్కేవాడు, దానితో ఏదో మాట్లాడుతున్నట్టు. ఒకరోజు నేనూ వెంట ఉండగా అవ్వ కట్ట అతని చేతిలో ఎందుకో ఆగింది. దారం విప్పి, మధ్యలోంచి ఒక బీడీ తీసి, రెండు వేళ్ల మధ్య నొక్కాడు. అది అణిగిపోయింది. విరిచాడు. లోపల ఏమీ లేదు. ఆకు మీద ఆకు చుట్టి ఉంది, మూతి మడిచి ఉంది, దారం బిగించి ఉంది, తంబాకు మాత్రం లేదు.

“కాయ్ హే బాయి? రికామి బీడీ?” అన్నాడు. కాయ్ హే అంటే ఏంటిది, రికామి అంటే ఖాళీ. వరసలో ఉన్న ఆడవాళ్లందరికీ వినపడింది.

బీడీ వదులుగా ఉంటే, ఆకు చిరిగితే, తీసి పక్కన పారేస్తారు. ఖాళీ బీడీ సంగతి వేరు. తంబాకు కార్ఖానా వాళ్లే తూచి ఇస్తారు. బీడీలో తంబాకు లేదంటే అది ఇంట్లో మిగిలింది, మిగిలింది బయట అమ్ముకుంది అని లెక్క. అంటే దొంగ.

“నర్సవ్వా, నీ మాల్ నేను ఎన్నడు నొక్కి చూడలే. ఇగ చూడాల్నా?” అన్నాడు చెకర్ సాబ్. కోపంగా అనలేదు, అదే ఎక్కువ తగిలింది. “ఇంకోపాలి దొరికితే కార్డు బంద్. దొంగని పేరువడ్డంక ఇంకో కార్ఖానల గూడ కార్డియ్యరు.”

నాయినకు నూలు దొరికిన రోజుల్లోనే పని. దొరకని రోజుల్లో మా పొయ్యి, బీడీ పని ఇప్పించే అవ్వ కార్డు మీదే వెలిగేది. అది నాకు తెలుసు. తిరిగొస్తుంటే అవ్వ బుట్ట చంకన పెట్టుకుని నా ముందు నడిచింది. గల్లీ మొదట్లో ఆగి, నా వైపు తిరగకుండానే అడిగింది.

“నీదేనా?”

నా బీడీలూ అవ్వ కట్టల్లోనే కలిసేవి. ఆ ఖాళీది చుట్టినట్టు నాకు గుర్తు లేదు. కానీ ఆలోచిస్తే, తలుపు తీసి సముద్రం చూస్తూ కూర్చునేది నేను. ఇంకెవరిదవుతుంది? “నాదే అయ్యుంటది,” అన్నాను.

“అయ్యుంటదా, అయ్యిందా?”

“నాదే.”

ఆ రోజే నా చాట తీసి గోడకు ఆనించింది. పెద్దమ్మ అరుగు దగ్గరికి వెళ్లి, “మీ ఇండ్లు మీరు కట్టుకోండ్రి. నా బిడ్డను పిలవకుండ్రి,” అని చెప్పి వచ్చింది. నన్ను నాయిన దగ్గర కండెలు చుట్టడానికి కూర్చోబెట్టింది. రాట్నం ముందు కూర్చుని నూలును కండెల మీదికి చుట్టడం అంతకుముందు చేయని పనేమీ కాదు. కానీ దాంట్లో మనసు కదలదు. ఒక్క క్షణం పక్కకు పోయినా పోగు తెగుతుంది. పైన మగ్గం చప్పుడు, చేతి కింద రాట్నం గిరగిర. వెనక తలుపు ఎన్నిసార్లు తీద్దామనుకున్నా తెరుచుకోలేదు. ఎదురరుగు మీంచి వదిన నవ్వు వినిపించినప్పుడు, నేను ముట్టుకున్నదల్లా చెడగొట్టే దాన్ననే మాట మనసులో గట్టిపడుతూ వచ్చింది. ఒకరోజు పోగు తెగి మగ్గం ఆగినప్పుడు నాయిన కిందికి వంగి చూశాడు.

“ఏమైందే సత్తీ, సముద్రం ఎండిందా?”

నాయినకు సముద్రం సంగతి ఎట్లా తెలుసో నాకు తెలియదు. ఆ చప్పుడులో ఆయనకు ఏమీ వినపడదని నేను అనుకునేదాన్ని. రాట్నం వదిలేసి ఏడ్చాను. ఆయన పోగు అతికి, మళ్లీ మగ్గం ఆడించాడు.

కొన్నాళ్లకు ఒక పొద్దున అవ్వ కార్ఖానా నుంచి వచ్చి, లోపలికి రాకుండా గడప మీదే కూర్చుంది. బుట్ట ఒళ్లో ఉంది. నాయిన మగ్గం ఆపాడు.

“మళ్ల దొరికింది,” అంది. “కార్డు ఆయిన దగ్గర్నే పెట్టుకున్నడు.”

అవ్వ మగ్గం కింద కూర్చున్న నన్ను చూస్తూ ఉంది. ఎంతసేపు చూసిందో. అప్పుడు అంది, “నువ్వు లేవు గదా.”

నాకు వెంటనే అర్థం కాలేదు. అవ్వకు అప్పటికే అర్థమైంది. ఆ కట్టల్లోని బీడీలన్నీ ఆమె ఒక్కతే చుట్టింది. “నావే,” అంది. “అప్పటిది గూడ నాదే.” ఆమె లేచి వచ్చి, వంగి పడుగు కిందికి దూరి, నా పక్కన నేల మీద కూర్చుంది. నా చేతిలోంచి కండె తీసి పక్కన పెట్టి, కొంగు ముడిలోంచి తన రేకు తీసి నా అరచేతిలో పెట్టింది. ఆ రేకు ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు. నాకు ఇంకేమీ అవసరం కాలేదు.

మర్నాడు బాలవ్వ పెద్దమ్మ అరుగు మీది వాళ్లందరినీ వెంటేసుకుని బయల్దేరింది. నేనూ వెళ్లాను. వరస మొదలుకాకముందే చెకర్ సాబ్ ముందు నిలబడ్డాం. అవ్వ వెనక్కి వెనక్కి పోతుంటే పెద్దమ్మ రెక్క పట్టుకుని ముందుకు తెచ్చింది.

“దొంగతనం గాదు సాబ్. పరధ్యానం,” అంది పెద్దమ్మ. “మేమందరం ఇండ్లు కట్టుకుంటుంటిమి. ఈమె గూడ లోపల్లోపల కట్టుకుంటున్నట్టుంది.”

“ఇండ్లా? ఏడ? ప్లాట్ ఎవరిచ్చిండ్రు?” చెకర్ సాబ్ ముఖం ఇంకా బిగుసుకుంది.

సరోజన వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. “ఉత్తుత్త ఇండ్లు సాబ్. మాటలల్ల,” అంది నవ్వు మధ్యలోంచి.

“మాటలల్ల ఇల్లు కడితే బీడీ ఎట్ల రికామి అయితది?”

“చెయ్యి ఈడుంటది, మనిషి ఆడుంటది,” అంది పెద్దమ్మ. “నువ్వు పొద్దంత గీడనే గూసొని నొక్కుతవ్ గదా. ఒక్కపాలన్న నీ మనసు ఏడికీ పోలేదా?”

అతను పక్కనున్న నిన్నటి కట్టను, అప్పటికే నొక్కిన దాన్ని, మళ్లీ ఒకసారి నొక్కాడు. తర్వాత అడిగాడు, “ఇంకోపాలి అయితే?”

“అయితే మా అందరి కార్డులు బంద్ జెయ్. ఇయ్యాల్టి సంది ఎవరి చాట వాళ్లం చూసుకోం. నాది నర్సవ్వ నొక్కుతది, నర్సవ్వది సరోజన నొక్కుతది, సరోజనది నేను. చుట్టినోళ్ల కండ్లకు తప్పిపోయింది, పక్కోళ్ల వేళ్లకు దొరకదా?”

చెకర్ సాబ్ పెట్టె తెరిచి కార్డు తీసి అవ్వ బుట్టలో పడేశాడు. “జా బాయి, జా,” అన్నాడు. మేము గడప దాటుతుంటే వెనక నుంచి, “ఇండ్లు జర చిన్నగ కట్టుకోండ్రి,” అన్నాడు. అతను నవ్వాడో లేదో నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం అరుగు మీద చాటలు పెట్టుకోగానే అందరూ అవ్వ వైపు తిరిగారు.

“మా కార్డులు పణం పెట్టినం,” అంది పెద్దమ్మ. “ఇగ చెప్పాలె. నీ ఇల్లు ఎట్లుంటది?”

ఎప్పుడూ తొణకని మనిషి అవ్వ, ఆకు కత్తిరిస్తూ కత్తెర జార్చుకుంది. “ఇల్లు గాదు,” అంది చివరకు. “ఒక్క అర్ర. సప్పుడు లేని అర్ర.”

“అండ్ల ఏమున్నయ్?”

“ఏం లెవ్వు.”

“చాట?”

“చాట గూడ లేదు.”

“మరి అండ్ల ఏం జేస్తవ్?”

“కూసుంట.”

పెద్దమ్మ చుడుతున్న బీడీ చాటలో పెట్టింది. “ఏం లేని అర్రకు ఇన్ని దినాలు పట్టిందానే?” అంది. అందరూ నవ్వారు, అవ్వ కూడా నవ్వింది. అవ్వ అట్లా సిగ్గుపడి నవ్వడం నేను అప్పుడే చూశాను. వదిన వెంటనే నియమం ప్రకారం గడప దగ్గర ఆగినట్టు గొంతు మార్చి, “నర్సవ్వత్తా, రావచ్చునా?” అని పిలిచింది.

“రా. గని మాట్లాడొద్దు.”

నేనూ పిలిచాను. “అవ్వా, నేను రావచ్చునా?”

“నువ్వు రాకు,” అంది అవ్వ, చేతులు ఆపకుండా. “నువ్వొస్తే నీకు పని చెప్పాలె.”

మళ్లీ అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. సరోజన వదినను రానిచ్చి నన్ను రానివ్వలేదని చాలా రోజులు మనసులో పెట్టుకున్నాను. నా ఇంట్లో వెనక తలుపు దగ్గర ఆమెకు చోటు పెట్టి ఉంచాను, ఆమె అర్రలో నాకు లేదు.

చాటలు మార్చుకోవడం మా అరుగు మీద అలవాటుగా నిలిచిపోయింది. దీపాలు పెట్టే ముందు పక్కవాళ్ల కట్టలు తీసుకుని ఒక్కొక్కటే నొక్కేవాళ్లం. ఎప్పుడైనా ఒక ఖాళీ బీడీ దొరికేది. దొరికినామె దాన్ని పైకెత్తి పట్టి, “ఏడికి పోయినవ్?” అని అడిగేది. చుట్టినామె ఎక్కడికి పోయిందో అందరికీ చెప్పాలి. తప్పించుకోవడానికి లేదు. ఎన్ని చోట్లు విన్నానో. ఒకామె చనిపోయిన చెల్లెలితో జాతరకు పోయింది. ఒకామె ఏమీ లేని మైదానంలో ఊరికే పరుగెత్తింది. పెద్దమ్మ ఒకసారి మగవాడైపోయి మగ్గం మీద కూర్చుంది, నచ్చక దిగొచ్చింది. చెప్పడం అయిపోయాక ఆ బీడీ విప్పి, తంబాకు పెట్టి, మళ్లీ చుట్టేవాళ్లం. ఇప్పుడు చదివే కథల్లో కూడా చివర్లో ఆ ప్రశ్నే అడుగుతారు, మనసు ఎక్కడ పెట్టావు, ఎక్కడికి పోయావు అని. అడిగి ఊరుకుంటారు, జవాబు కోసం ఆగరు. మా అరుగు మీద ఆగేవాళ్లు. నాకు తేడా అక్కడే కనిపిస్తుంది.

బాలవ్వ పెద్దమ్మ మెట్లు లేని ఇంట్లోనే పోయింది. సరోజన వదిన కొడుకు ఆమె అర్రలో నిలువెత్తు అద్దమున్న బీరువా పెట్టించాడు. ఒకసారి చూడటానికి వెళ్తే, “గీ ముసలిదెవరో పొద్దున్నే కనవడుతున్నదే సత్తీ,” అని పడీపడీ నవ్వింది. నేను సముద్రం చూడలేదు. కావాలనే చూడలేదనుకుంటాను. కొడుకు తీసుకుపోతానన్నప్పుడల్లా మోకాళ్ల మీద నెపం పెట్టాను. ఇప్పటికీ మా గల్లీలో బీడీలు చుట్టేవాళ్లు ఉన్నారు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఫోను గోడకు ఆనించి సీరియల్ పెట్టుకుంటారు. నేను తప్పు పట్టను, పొద్దు గడవాలి కదా. కానీ వాళ్ల మనసు పోవడానికి చోటు ఎవరో ముందే కట్టి ఇస్తున్నారు. ఎక్కడికి పోయావని అడిగితే అందరిదీ ఒకటే జవాబు వస్తుంది.

అవ్వకు ఆ అర్ర దొరకలేదు. చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. అప్పటికి మా ముందుగదిలో మరమగ్గాలు ఉండేవి. చేతిమగ్గం చప్పుడు వాటి ముందు గుసగుస. వాటిని ఆపమని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. కరెంటు పోయినప్పుడు మాత్రం, అందరూ విసుక్కుంటుంటే, తల గోడకు ఆనించి కళ్లు మూసుకునేది. కరెంటు తొందరగా రావాలని అందరితో పాటు నేనూ అనుకునేదాన్ని.

మా ఆయన పోయాక మగ్గాలు నడిపేవాళ్లు లేరు. పని కూడా తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. కొడుకు కుట్టు కార్ఖానాకు పోతున్నాడు. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి మగ్గాలు విప్పి టెంపోలో వేసుకుపోయారు. నేల మీద వాటి కాళ్ల గుంటలు మాత్రం ఉన్నాయి. నలభై ఏళ్లుగా చప్పుడు తప్ప ఏమీ లేని గది, ఇప్పుడు చప్పుడు ఒక్కటే లేని గది. అవ్వ అడిగిన అర్ర సరిగ్గా ఇదే. ఒక పని చచ్చిపోతే తప్ప అది రాదని ఆ అరుగు మీద మాకెవరికీ తెలియదు. తెలిస్తే పెద్దమ్మ అట్లా నవ్వేది కాదు, అవ్వ అడిగేది కూడా కాదేమో.

“ఎన్ని దినాలు గట్ల రికామిగ పెడ్తవ్ అవ్వా? కిరాయికన్న ఇద్దాం,” అంటున్నాడు కొడుకు. వాడు అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇంక కొన్ని దినాలు ఆగు బిడ్డా అన్నాను. ఆ గదిలో చాప వేసుకుని, ఏమీ లేకుండా, అవ్వ చెప్పినట్టు ఊరికే కూర్చుని చూశాను. ఒక రోజు, రెండు రోజులు. నాకు చేతకాలేదు. చేతులు ఒళ్లో పడి ఉంటే మనసు కూడా వాటి పక్కనే పడి ఉంది, ఎక్కడికీ పోలేదు. చెవుల్లో లటక్ లటక్ అని వినపడుతూనే ఉంది. అవ్వ అయితే కూర్చోగలిగేది. ఆమె అంత అలసిపోయింది మరి.

నువ్వొస్తే నీకు పని చెప్పాలె అని ఆమె ఎందుకన్నదో ఆ రెండో రోజు తెలిసింది. బిడ్డ కళ్లముందు ఉంటే ఆమె తల్లి అయిపోతుంది, తల్లి అయితే లేవాలి, ఏదో ఒకటి చెయ్యాలి, చేయించాలి. ఒక్క పూట ఎవరికీ ఏమీ కాకుండా కూర్చోవడానికి కట్టుకున్న అర్ర అది. నా మీద కోపంతో మూసిన తలుపు కాదు.

అందుకే ఇప్పుడు పొద్దున వంట అయ్యాక కాగితాలూ పెన్నూ పట్టుకుని ఆ గదికి వెళ్తున్నాను. అక్షరాలు ఇంకా నెమ్మదిగానే పడతాయి. కానీ చెయ్యి కదులుతుంటే మనసు లేస్తుంది, ఆ సంగతి బీడీల నాడే నేర్చుకున్నాను. రాసింది సాయంత్రం మనవరాలికి చదివి వినిపిస్తాను, ఎక్కడ ఖాళీగా ఉందో అది నొక్కి చెబుతుంది. కాగితాలు ఎగిరిపోకుండా పైన అవ్వ రేకు పెడతాను. లోపలికి పోయే ముందు మాత్రం గడప దగ్గర ఆగుతాను, నియమం నియమమే కదా. ఇంట్లో ఎవరూ వినకుండా చిన్నగా పిలుస్తాను.

“అవ్వా, నేనే. పని నేనే తెచ్చుకున్న.”